నేను లండన్ అని నొక్కినందుకు

మా ఆఫీసులో కొత్తగా చేరేవాళ్లకు నాలుగు పేజీల నియమాల కాగితం ఇస్తారు. అందులో పదకొండోది ఇలా ఉంటుంది: "పరికరం పంపే సమయానికి ఏ ఊరి పేరూ పెట్టకూడదు." ఎందుకో రాసి ఉండదు. పోయిన నెల చేరిన ముగ్గురు అమ్మాయిలు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుంటూ ఆ సంగతి అడిగారు. మా సీనియర్ నావైపు చేయి చూపించి, "గా నియమాన్ని కన్నతల్లి గీడనే కూసున్నది, అడుగుండ్రి," అన్నాడు.

నేను తల వంచుకుని పప్పు కలుపుకున్నాను. నలుగురిలో నోరు విప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. అందుకే, అమ్మాయిలూ, మీకోసం రాస్తున్నాను. ఉద్యోగంలో చేరి ఏడేళ్లే అయింది. జ్ఞాపకాలు రాసే వయసు కాదు నాది. కానీ ఈ ఏడేళ్లలో గర్వంగా చెప్పుకోదగ్గ పని ఒకటి చేశాను. చిక్కేమిటంటే, అది నేను చేసిన తప్పుతో మొదలవుతుంది.

అప్పటికి చేరి ఏడాది కూడా కాలేదు. మాది హుజూర్‌నగర్ వైపు ఒక పల్లె. బాపు గొర్రెలు కాస్తాడు. డిగ్రీలో కంప్యూటర్లు చదివి జడ్చర్లలో ఈ ఉద్యోగం సంపాదించాను. ఆఫీసంటే చౌరస్తా దగ్గర ఎరువుల దుకాణం మీద రెండు గదులు, ఆరుగురు మనుషులు. నేనుండే హాస్టల్లో నా మంచం కింద పెట్టెలో బట్టలకంటే పుస్తకాలు ఎక్కువ. రోజూ డైరీ రాసేదాన్ని. ఆఫీసులో మాత్రం నా గొంతు విన్నవాళ్లు తక్కువ. ఏదైనా అడగాల్సి వస్తే పసుపురంగు చీటీ మీద రాసి సీనియర్ కీబోర్డుకు అంటించేదాన్ని. "నోట్లె ముత్యాలు దాసుకున్నవా? జర రెండు ఇటు రాల్చు," అని ఆయన ఆటపట్టించేవాడు. మనిషి నల్లగొండవాడు, నవ్వకుండా ఒక మాట అనలేడు.

మా పని మీకు తెలిసిందే. మందుల కంపెనీల్లో చల్లటి గదులుంటాయి. ఆ గదిలో వేడి ఎంతుందో ఒక చిన్న పరికరం ఐదు నిమిషాలకోసారి కొలిచి మన ప్రోగ్రాంకు పంపుతుంది. మనం దాన్ని దాచి, నెలాఖరుకు రిపోర్టు తీసి ఇస్తాం. ఆ ఏడు దగ్గర్లోని ఒక మందుల ఫ్యాక్టరీ మా పరికరాన్ని ఒక గదిలో పెట్టి చూస్తామంది. అప్పటిదాకా అక్కడ మనిషి వెళ్లి చూసి, రిజిస్టరులో చేత్తో రాసేవారు. కొన్ని నెలలపాటు రెండూ నడపాలి, రెండూ కలవాలి, అప్పుడు రిజిస్టరు తీసేస్తాం అన్నారు.

రిజిస్టరు రాసే ఆవిడ నలభైకి దగ్గర పడ్డ మనిషి. అందరూ అక్క అనేవారు, నేనూ అదే అన్నాను. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆమె డ్యూటీ. అందులో ఎనిమిదికి, పదికి, పన్నెండుకు మూడుసార్లు గది చూడాలి. పరికరం మీది ఆకుపచ్చ బటన్ నొక్కి, అది చూపించిన అంకెను, బయట గోడ గడియారంలో టైమును రిజిస్టరులో రాయాలి. బటన్ నొక్కిన సంగతి మా ప్రోగ్రాంలో కూడా సమయంతో సహా పడుతుంది.

జనవరిలో పరికరం బిగించడానికి వెళ్లినప్పుడు బట్టలు మార్చుకునే గదిలో ఆమే నన్ను తయారు చేసింది.

"గాజులు దియ్యాలె, చెయ్యి గడియారం దియ్యాలె, బొట్టు గూడ తుడ్వాలె. లోపలికి మనిషి దప్ప ఇంకేం పోవద్దు," అంటూ నా వాచీ తీసి డబ్బాలో వేసింది. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం పిల్లా, గింత సన్నగున్నవ్? లోపల గడ్డ కట్టుకపోతవ్. ఇగో, నాది తొడుక్కో," అని తన మందపు కోటు ఇచ్చేసింది. నేను పని చేస్తున్నంతసేపూ ఆమె చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతూ నిలబడింది. థాంక్స్ చెప్పాలని మూడుసార్లు అనుకున్నాను. చెప్పలేదు. డైరీలో రాశాను.

ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టులో ఉందని, ఈ ఏడు పర్మనెంట్ చేసేవాళ్ల జాబితాలో తన పేరు ఉందని ఆ రోజే చెప్పింది. వాళ్లింట్లో మెడలో ఐడీ కార్డు వేసుకున్న మొదటి మనిషి ఆమె.

ఇక నా తప్పు సంగతి. పరికరంతో వచ్చిన పుస్తకంలో ఒక వాక్యం ఉంది: ఇది పంపే సమయమంతా యూటీసీలో ఉంటుంది. మా ప్రోగ్రాం "పరికరం సమయం ఎక్కడిది?" అని అడిగి ఒక జాబితా చూపిస్తుంది. నిండా ఊర్ల పేర్లు. నేను చీటీ రాశాను: "యూటీసీ అంటే?"

సీనియర్ తల ఎత్తకుండానే, "లండన్ టైమే. బళ్లె సద్వలేదా? గ్రీనిచ్ గీత, దానికంటే మనం ఐదున్నర గంటలు ముంగట," అన్నాడు.

చదివాను. నాకు ఇష్టమైన పాఠం కూడా. గ్లోబు మీద గీతలు, సున్నా దగ్గర లండన్, అక్కణ్ణుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే మనం. జాబితాలో లండన్ దొరికింది. నొక్కాను. ఊర్లన్నీ అయిపోయాక అట్టడుగున యూటీసీ అని విడిగా ఇంకో వరుస ఉందని నాకు అప్పుడు కనబడలేదు. కనబడినా, రెండూ ఒకటే కదా అని లండనే నొక్కేదాన్నేమో.

అన్నీ సరిపోయాయి. అక్క రిజిస్టరులో పది గంటల నాలుగు నిమిషాలని ఉంటే, మా రిపోర్టులోనూ పది గంటల నాలుగు నిమిషాలే. జనవరి కలిసింది. ఫిబ్రవరి కలిసింది. మార్చి రిపోర్టును అక్కడి క్వాలిటీ సారు పైపైన నాలుగు రోజులు చూసి సరే అన్నాడు.

మే మొదటి వారంలో ఏప్రిల్ రిపోర్టు ఇచ్చాం. రెండు రోజులకు మా కంపెనీ యజమానికి ఫోన్ వచ్చింది. ఆయన ఫోన్ పెట్టేసి గది మధ్యలోకి వచ్చి, "సూసిండ్రా! మన సాఫ్ట్‌వేర్ దొంగను పట్టింది," అన్నాడు.

విషయం ఏమిటంటే, రిజిస్టరులో పది అని ఉన్నచోట మా రిపోర్టులో తొమ్మిది ఉంది. పన్నెండు ఉన్నచోట పదకొండు ఉంది. నెలంతా అంతే. అంటే ఆమె ఒక గంట ముందే గది చూసేసి, రిజిస్టరులో మాత్రం చూడాల్సిన టైము రాసి, ఆ టైముకు వెళ్లకుండా కూర్చుంటోందని క్వాలిటీ సారు తేల్చాడు. మందుల కంపెనీలో ఇంతకంటే పెద్ద నేరం లేదు. ఆమెకు మెమో ఇచ్చారు.

యజమాని ఆనందంతో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. నేనూ రెండు తిన్నాను. మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, లోపల ఎక్కడో గర్వంగానే అనిపించింది. "మనం చేసింది పనికొచ్చింది" అని డైరీలో రాసుకున్నాను. కోటు ఇచ్చిన మనిషి గుర్తు రాకపోలేదు. మనుషులను పైనుంచి చూసి ఏం చెప్పగలం అని కూడా రాసుకున్నాను. పుస్తకాలు ఎక్కువ చదివితే ఇలాంటి వాక్యాలు తేలిగ్గా వస్తాయి.

గురువారం నాడు పూర్తి వివరాల ప్రింటు ఇచ్చి, రిజిస్టరు జిరాక్సు తెమ్మని నన్ను ఫ్యాక్టరీకి పంపారు. పని ముగించుకుని బయటికి వచ్చేసరికి రెండు దాటింది. గేటు ముందు బస్సు కోసం రేకుల షెడ్డు కింద అక్క నిలబడి ఉంది. మిగతా ఆడవాళ్లంతా ఒక పక్క, ఆమె ఒక్కతే ఒక పక్క. తప్పించుకుని పోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

"ఏం పిల్లా, నీ డబ్బా మస్తు పనిజేస్తుందట గద."

చేతిలోని జిరాక్సు కాగితాలు వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"పదింటికి సూసిన, పదింటికే రాసిన. సారేమో తొమ్మిదింటికి సూసినవంటడు. మెషిను అబద్ధం సెప్తదా అంటడు. మరి నేను సెప్తనా? ఎనిమిదేండ్లల్ల ఒక్క దినం తప్పలే."

"ఇప్పుడు ఏమంటున్నరు అక్కా?" అన్నాను. నా మాట నాకే సరిగ్గా వినపడలేదు.

"సోమారం మీటింగు. తప్పు జేసిన అని రాసిస్తే పనిల ఉంచుతరట, లిస్టుల పేరు మాత్రం కొట్టేస్తరట. రాసియ్యకుంటే పనే పోతది." కొంగుతో మొహం తుడుచుకుంది. "లిస్టు దేవుడెరుగు. మా పెద్దపిల్ల నిన్న అడిగింది, అమ్మా మెమో అంటే ఏంది అని. ఏం జెప్పాలె? మా అవ్వ, మా నాయిన మంది పొలాలల్ల కూలి జేసిండ్రు. గానీ దొంగ అనిపిచ్చుకోలే."

బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "నువ్వేం జేస్తవులే, నీ నౌకరి నీది," అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

శుక్రవారం పొద్దుట ఆఫీసులో రిజిస్టరు జిరాక్సు ఒక పక్క, మా ప్రింటు ఒక పక్క పెట్టుకుని వరుస వరుసగా చూడడం మొదలుపెట్టాను. రిజిస్టరులో పది గంటల నాలుగు నిమిషాలు, ప్రింటులో తొమ్మిది గంటల నాలుగు నిమిషాలు. పన్నెండు గంటల పదకొండు నిమిషాలు, పదకొండు గంటల పదకొండు నిమిషాలు. ఎనిమిది గంటల రెండు నిమిషాలు, ఏడు గంటల రెండు నిమిషాలు. గంట మారుతోంది, నిమిషం మారడం లేదు. ఒక్క రోజు కూడా మారలేదు.

ముందే చూసేసి దొంగలెక్క రాసే మనిషి నున్నగా పది అని రాస్తుంది. ఒకరోజు యాభై నిమిషాల ముందు చూస్తుంది, ఒకరోజు గంటంబావు ముందు. అబద్ధానికి ఇంత క్రమశిక్షణ ఉండదు. ఇంత క్రమం యంత్రానిదే.

వెనక్కి తిప్పుకుంటూ పోయాను. మార్చి ఆఖరి శనివారం దాకా రెండూ అచ్చంగా కలిశాయి. ఆదివారం సెలవు. సోమవారం నుంచి గంట తేడా. ఆ ఆదివారం ఏం జరిగింది? డైరీ తీశాను. బట్టలు ఉతుక్కున్నాను, ఒక నవల సగం చదివాను, అన్నంలో ఉప్పు ఎక్కువైంది. సీనియర్‌కు చీటీ రాశాను: "మార్చి ఆఖరి ఆదివారం సర్వర్‌లో ఏమైనా మార్చారా?"

"గా దినం నేను మా మేనకోడలి పెండ్లిల ఉన్న తల్లీ. సర్వరు సంగతి దేవుడెరుగు, నా చెప్పులే దొర్కలే," అన్నాడు.

ఇక మా ప్రోగ్రాంలోనే ఒక్కో మెట్టు దిగుతూ వచ్చాను. పరికరం పంపిన సమయం వస్తుంది, వచ్చింది వచ్చినట్టు దాస్తుంది, అది ఎక్కడిదో చూస్తుంది, మన సమయంగా మార్చి రిపోర్టులో చూపిస్తుంది. ఎక్కడిదో చూస్తుంది. అక్కడ లండన్ అని ఉంది. ఊరికే, ఇప్పుడు లండన్‌లో టైమెంత అని ఇంటర్నెట్‌లో చూశాను. మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంది. ఐదున్నర కాదు. వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టాను. నాలుగున్నరే.

అప్పుడు చదివాను, చదవాల్సింది జనవరిలో. లండన్‌వాళ్లు మార్చి ఆఖరి ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు జరుపుకుంటారు. అక్టోబరు ఆఖర్న మళ్లీ వెనక్కి తెచ్చుకుంటారు. ఎండాకాలపు వెలుతురు వాడుకోవడానికి అలా అక్కడ ఒక చట్టం. యూటీసీ జరగదు. అది ఏ ఊరిదీ కాదు, ఏ దేశపు చట్టానికీ కదలదు. లోకంలోని గడియారాలన్నీ దేన్ని చూసి సరిపెట్టుకోవాలో ఆ కొలత. దానికి ఎంత ముందుండాలో, ఎంత వెనకుండాలో ఒక్కో దేశం తనకు తాను నిర్ణయించుకునేది టైం జోన్. ఒకటి కొలత, ఇంకొకటి ఆ కొలత మీద చేసుకున్న ఒప్పందం. చలికాలంలో లండన్ ఒప్పందం సరిగ్గా కొలత మీదే కూర్చుంటుంది. నేను చూసింది చలికాలంలో. రెండూ ఒకటే అనుకున్నాను.

మన దేశంలో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే టైము, ఏడాది పొడుగునా అదే. గడియారం చట్టప్రకారం జరుగుతుందనే ఊహే మనకు రాదు. ఈ తప్పు మనలాంటివాళ్లే చేయగలరు. ఇది సాకు కాదు, అమ్మాయిలూ, జాగ్రత్త చెబుతున్నాను.

దొంగను పట్టామని బజ్జీలు తిన్నాం. దొంగరాతలు రాసింది నా వేలు.

కానీ నా మాట ఒక్కటే చాలదనిపించింది. సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఆమెను కాపాడుతున్నారు అనవచ్చు. మనిషి చేత్తో రాసిన ఇంకో సాక్ష్యం కావాలి. మా ప్రోగ్రాం గీసే చల్లగది గ్రాఫు గీతల్లో వేడి అక్కడక్కడా కాస్త పైకి ఎగిరి మళ్లీ దిగడం చూశాను. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల అలా అవుతుంది. శనివారం పొద్దున ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. కరెంటు పోయిన ప్రతిసారీ ఒక బౌండు పుస్తకంలో రాస్తాడు.

"కరెంటు పోయిన టైము నాకంటె ఎక్కువ ఎవ్వలికి ఎర్క? మా ఇంటామె పుట్టినదినం మర్సిపోతగని గిది మర్వ," అని పుస్తకం నా ముందు పెట్టాడు.

ఫిబ్రవరిలో ఆయన రాసినప్పుడే మా గీత ఎగిరింది, నిమిషాల్లో కూడా తేడా లేదు. ఏప్రిల్‌లో గాలిదుమారం వచ్చిన రోజు ఆయన పుస్తకంలో మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. మా గీతలో రెండు గంటల ఇరవై నిమిషాలు. అంటే మా లెక్కన కరెంటు పోకముందే గది వేడెక్కిందన్నమాట.

అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసుకు వచ్చి యజమాని ముందు కాగితాలు పరిచాను. చీటీ రాసి పెట్టాను కూడా. ఆయన చదివి గడ్డం గోక్కున్నాడు.

"సరే. సెట్టింగ్ మార్చెయ్. వచ్చే నెల నుంచి మంచిగ వస్తది. మీటింగ్‌ల మాత్రం నోరిప్పకు."

"మరి ఆమె?" అన్నాను.

"పని పోతలేదు గదా. లిస్టు వచ్చే ఏడు మళ్లొస్తది. మన ఇజ్జత్ ఒక్కసారి పోతే రాదు."

"తప్పు జేసిన అని సంతకం పెడ్తది సార్," అన్నాను. ఆయన ముందు నేను అంత పొడుగు వాక్యం అనడం అదే మొదలు. "చెయ్యని దానికి."

సీనియర్ లేచి వచ్చాడు. ఈసారి నవ్వలేదు. "లండన్ అని చెప్పింది నేను సార్. పిల్లది గాదు తప్పు."

"నొక్కింది నేను," అన్నాను.

"చెప్పకపోతే నొక్కుతుండెనా?"

"పుస్తకం సద్వింది నేనే గదా అన్నా. యూటీసీ అని రాసుంది. లండన్ అని లేదు."

యజమాని మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఓరి మీ పాడుగాను! తప్పు నాదంటే నాదని కొట్లాడేటోళ్లను ఏడ సూడలే." కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీలోంచి కిందికి, చౌరస్తాలో తిరుగుతున్న బస్సుల వైపు చూశాడు. "చెప్పాల్నంటే నువ్వే చెప్పు. నాకైతే గా లండన్ కథ సమజ్ కాలే," అన్నాడు.

సోమవారం పదకొండింటికి ఫ్యాక్టరీ మీటింగ్ గదిలో పొడవాటి బల్లకు అటు మేనేజరు, క్వాలిటీ సారు. ఇటు యజమాని, సీనియర్, నేను. అక్క తలుపు దగ్గర నిలబడింది. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. క్వాలిటీ సారు మహబూబ్‌నగర్ మనిషి, కచ్చితమైనవాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన చేతిలో ఉన్న కాగితం ప్రకారం ఆయన చేసింది సరైనదే. ఆ కాగితం ఇచ్చింది నేను.

ఆయన మెమో చదివి, "రాసి తెచ్చినవా?" అని అక్కను అడిగాడు. ఆమె చేతిలో ఒక మడత కాగితం ఉంది. దాంట్లో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎందుకంటే ఆమె అది ఇచ్చేలోపు నేను లేచాను.

"సార్, తప్పు నాది," అన్నాను.

"ఏందమ్మా? జర గట్టిగ చెప్పు."

"తప్పు నాది సార్. అక్కది గాదు."

తర్వాత ఏ వరుసలో చెప్పాలో కాగితం మీద రాసుకొచ్చాను. దాన్ని చూడకుండానే బల్ల మీద పెట్టేశాను. రెండు ప్రింట్లు, రిజిస్టరు జిరాక్సు, ఎలక్ట్రీషియన్ పుస్తకం ఒకదాని పక్కన ఒకటి పెట్టి వేలితో చూపించాను. నిమిషాలు చూడమన్నాను. ఫిబ్రవరిలో కరెంటు పోయిన రోజు, ఏప్రిల్‌లో పోయిన రోజు చూడమన్నాను. క్వాలిటీ సారు కళ్లద్దాలు పైకి తోసుకుని, ఏప్రిల్ వరుసలన్నీ తనే గీతలు గీస్తూ పోల్చాడు.

"మరి ఎందుకయింది?" అన్నాడు మేనేజరు.

"డబ్బా ఏ ఊరి టైమూ పంపదు సార్. యూటీసీ పంపుతది. నేను దాన్ని లండన్ టైము అని పెట్టిన."

"రెండు ఒకటే గద?"

"చలికాలంల ఒకటే. ఎండకాలం రాంగనే లండన్‌ల గడియారం గంట ముంగటికి జరుపుకుంటరు. యూటీసీ జరగది."

"గడియారం జరుపుకునుడేంది? టైము టైమే గదా. మనిషి జరిపితె జరుగుతదా?" అని మేనేజరు నవ్వాడు. పొల్లు మాటలు చెప్పి తప్పించుకుంటున్నామనుకుంటున్నాడని అర్థమైంది. మా యజమాని మెల్లగా దగ్గాడు.

అప్పుడు తలుపు దగ్గరి నుంచి అక్క అంది: "ఎందుకు జరగది సార్? మా ఇంట్ల జరుపుకోలేదా?"

అందరూ అటు తిరిగారు.

"ఆరింటి డ్యూటీకి బస్సు తప్పొద్దని మా ఇంట్ల గోడ గడియారం పావుగంట ముంగటికి పెట్టుకున్నం. మీ ఇంట్ల లేదా సార్? మా వాడకట్టుల అందరి ఇండ్లల్ల గట్లనే ఉంటది. గోడ మీద ఐదుంబావు అయితది, గప్పుడొస్తది ఐదింటి బస్సు. బస్సు మా గోడ సూసుకుంట రాదు గద. దాని టైము దానిదే."

క్వాలిటీ సారు మొహంలో ఏదో కదిలింది. "మా ఇంట్ల పది నిమిషాలు," అన్నాడు మెల్లగా. మేనేజరు పెద్దగా నవ్వాడు, ఈసారి వేరే నవ్వు.

నాకు దారి దొరికింది. "అంతే సార్. యూటీసీ అంటే బస్సు టైము. లండన్ అంటే ఆళ్ల గోడ గడియారం. డబ్బా బస్సు టైము పంపుతుంటె, గిది గోడ గడియారం టైము అని మా ప్రోగ్రాంకు నేను చెప్పిన. చలికాలంల గోడ గడియారం కరెక్టుగనే ఉండె, ఏం కాలే. మార్చిల ఆళ్లు ముంగటికి జరుపంగనే, మా ప్రోగ్రాం గా గంట ఎక్కువున్నది అనుకొని రోజూ తీసేసుకుంట పోయింది. అక్క పదింటికి నొక్కితే తొమ్మిదని రాసింది."

నేను కూర్చున్నాక సీనియర్ బల్ల కింద నా చేతికి మంచినీళ్ల సీసా అందించాడు. ఆ రోజు ముత్యాల ఊసు ఎత్తలేదు.

డబ్బా పంపింది పంపినట్టు యూటీసీలో భద్రంగా ఉంది కాబట్టి ఏ లెక్కా పోలేదని, రిపోర్టులన్నీ సరైన టైముతో మళ్లీ తీయవచ్చని క్వాలిటీ సారుకు చెప్పాను. ఇది గుర్తుంచుకోండి, అమ్మాయిలూ. దాచేటప్పుడు కొలతలో దాచండి, చూపించేటప్పుడు ఏ ఊరివాళ్లకు ఆ ఊరి గడియారంలో చూపించండి. ఈ రెండూ కలిపేస్తే ఏదో ఒక ఆదివారం ఎవరో ఒకరు దొంగ అవుతారు.

తప్పు ఎలా జరిగిందో రాసే కాగితం నాకిచ్చారు. కారణం దగ్గర "యూటీసీకి బదులు లండన్ అని ఎంచుకున్నాను" అని రాసి సంతకం పెట్టాను. మా యజమాని అది చదివి, కింద తనూ పెట్టాడు. పరికరాన్ని తీసేయలేదు, ఇంకో ఆరు నెలలు రిజిస్టరుతో కలిపి నడపమన్నారు, అక్టోబరు దాటేదాకా. న్యాయమే. మర్నాటికి పదకొండో నియమం యజమానే టైపు చేశాడు. తప్పు ఒప్పుకున్న ఆ కాగితం మీద నా పేరు ఉన్నందుకు నాకు సిగ్గు లేదు. ఎక్కడైనా చూపించమంటే చూపిస్తాను.

ఆ గదిలో చివరగా జరిగింది చెప్పి ఆపేస్తాను.

క్వాలిటీ సారు ఫైల్లోంచి మెమో తీసి, "ఇగ దీంతోని పనిలేదు. లిస్టుల నీ పేరుంటది, నేను చెప్త," అని రెండు చేతులతో చింపబోయాడు.

"చింపకుండ్రి సార్," అంది అక్క.

ఆయన ఆగాడు.

"రిజిస్టరుల మేం తప్పు రాస్తే కాగితం చింపనిస్తరా మీరు? చింపొద్దు, దిద్దొద్దు, కింద అక్షరం కనవడాలె, ఒక్కటే గీత కొట్టాలె, పక్కన ఎందుకో రాయాలె అని మాకు మీరే నేర్పిండ్రు గద. ఇది గూడ నా పేరు మీద రాసిందే. గట్లనే కొట్టుండ్రి."

మేనేజరు క్వాలిటీ సారు వైపు చూశాడు. సారు మెమోను మళ్లీ బల్ల మీద పెట్టాడు. తర్వాత ఒక కుర్చీ లాగి, "కూసో అమ్మా," అన్నాడు. ఆమె కూర్చుంది. ఆయన స్కేలు పెట్టి, మెమో మీద మూల నుంచి మూలకు ఒక్క గీత కొట్టాడు. కింద అక్షరాలన్నీ కనబడుతున్నాయి. పక్కన రాశాడు: సిస్టం సమయం తప్పు. ఆపరేటర్ రాసిన సమయం సరైనది. సంతకం చేసి, తేదీ వేసి ఆమె ముందుకు జరిపాడు.

ఆమె వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకుంది. రెండోసారి మళ్లీ చదివింది. కాగితాన్ని తిరిగి ఆయన వైపు జరిపి అంది:

"టైము వెయ్యలే సార్."

ఆయన తల ఎత్తి గోడ గడియారం చూసి, వేశాడు.